మేకులు కొట్టిన కిటికీ

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో మాది ఒకే గది. అందులో అమ్మ, నేను, అన్న, వదిన, వాళ్ల చంటిపాప. పక్కకు ఒత్తిగిలితే ఒకరి మోచేయి ఇంకొకరి డొక్కలో ఉండేది. ఉన్నది ఒక్క కిటికీ. తెలంగాణ కోసం రోడ్డు మీద రోజూ ఊరేగింపులు, లాఠీలు. ఒకరోజు టియర్ గ్యాస్ పొగ సందులోకి వచ్చి పాప గుక్క తిప్పుకోలేకపోయింది. ఆ సాయంత్రమే అన్న కిటికీకి అడ్డంగా చెక్క పెట్టి మేకులు కొట్టేశాడు.

కొన్నాళ్లకు అన్నకే టీబీ అని తేలింది. ఆటో నడిపే మనిషి, బంద్ వచ్చిందంటే రోజంతా గదిలోనే. అమ్మ అతని కంచం, గ్లాసు వేరు చేసింది. వాటిని బూడిదతో తోమి తోమి అరగదీసింది. నేను పొరపాటున ఆ గ్లాసు ముట్టుకుంటే ఇంతెత్తున లేచేది. ఇంతా చేసి, పాపను పడుకోబెట్టేది అన్నకు జానెడు దూరంలో! అతని దగ్గు ఇంటి ఓనరమ్మకు వినపడితే ఖాళీ చేయమంటుందని తలుపు కూడా బిగించేవాళ్లం. భయపడ్డవాళ్లకు బుద్ధి పనిచేస్తుందా?

పాప పాలు తాగడం మానేసింది. వదిన ఏడుస్తుంటే దవాఖానకు పరుగెత్తాం.

"కంచం వేరే పెట్టిన సార్, గ్లాసు గూడ వేరే. పోరికి ఏం గాదు గద?" అంది అమ్మ.

"కంచంతో రాదమ్మా, గాలితో వస్తది. ఇంట్ల కిటికీ తెరుస్తున్నరా?" అన్నాడు డాక్టరు.

పాపకు పరీక్షలు చేసి, రిపోర్టుకు మర్నాడు రమ్మన్నారు.

ఇంటికి రాగానే అమ్మ ఆటోలోంచి పట్టకారు తెచ్చి మేకులన్నీ తనే పీకింది. అన్న దుప్పటి చంకన పెట్టుకుని, "నేను ఆటోల పండుకుంటనే" అని బయటికి నడిచాడు. ఎవరమూ ఆపలేదు.

కాసేపటికి రోడ్డు మీద పెద్ద చప్పుడు. తెరిచిన కిటికీలోంచి టియర్ గ్యాస్ పొగ లోపలికి కమ్మేసింది. అందరం కళ్లు నలుపుకుంటూ దగ్గుతున్నాం, పాప కూడా. అమ్మ ఒక చేయి కిటికీ రెక్క మీద వేసింది కానీ, మూయాలో వద్దో తెలియక అలాగే నిలబడింది.

"పొగకే గద అత్తమ్మా?" అంటూ వదిన పాపను భుజాన వేసుకుంది.

"పొగకే బిడ్డా, పొగకే."

పొగ పోయింది. మా దగ్గులన్నీ ఒక్కొక్కటే ఆగాయి. పాప మాత్రం ఇంకా దగ్గుతూనే ఉంది.