కొత్త కారు ఇంజన్లో పీత

"వీరబాబు గారూ! వీరబాబు గారెవరండీ? ఒకసారి లోపలికి రండి, మీ బండిలో ఒకటి దొరికింది."

మొన్న మంగళవారం అమలాపురం సర్వీస్ సెంటర్లో నన్ను పిలిచిన పిలుపు ఇది. అక్కడ కుర్చీల్లో ఉన్న జనమంతా నా వైపు తిరిగేరు. నా పక్కనే మా నాన్నగారు, ఆయన ఒళ్ళో వారంటీ పుస్తకం. పిలిచింది నన్నైతే ఆయన లేచేరు. నేను లేవలేకపోయేను. ఎందుకు లేవలేకపోయేనో మొదట్నించీ చెప్తాను, విన్నాక తప్పెవరిదో మీరే తేల్చండి. నన్నడిగితే తప్పు మూడొంతులు కంపెనీ వాళ్ళదే. మిగిలిన వంతు సముద్రానిది.

మాది కొత్తపేట పక్కన పల్లెటూరు. కొబ్బరి తోట, కాస్త వరి చేను. నాన్నగారు ఇరవయ్యేళ్ళు ఒకే మోపెడ్ మీద తిరిగిన మనిషి. నాకు రాజోలు సంబంధం ఖాయమయ్యేక, వియ్యాలవారింటికి మోపెడ్ మీద ఏం వెళ్తామని అమ్మ రోజూ పోరు పెడితే కారు కొన్నారు. తెల్ల కారు. అప్పుడే గిన్నెలోంచి తీసిన జున్నుముక్కలా ఉండేది. తాళాలు నా చేతిలో పెట్టి ఆయన ఒకే ఒక్క మాట చెప్పేరు.

"ఎక్కడికైనా తీసుకెళ్ళరా. సముద్రం ఒడ్డుకి మాత్రం వద్దు. ఉప్పుగాలి తగిలితే ఇనుము బతకదు."

అలాగేనండీ అన్నాను. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. అదొక్కటి నమ్మండి.

ఇక మౌనిక. నాకు కాబోయే భార్య. డిగ్రీ ఫస్ట్ క్లాసు. నేను ఇంటర్ దగ్గర ఆగిపోయేను, అది కూడా రెండోసారి రాసేక. అందుకని ఆ అమ్మాయి కోసం ఏదో ఒక గొప్ప పని చెయ్యాలని నాకు లోపల ఎప్పుడూ ఒకటే తపన. దానికి తోడు ఫోన్లో ఏ వీడియో చూస్తే అది చేసెయ్యాలనిపిస్తుంది. ఒకసారి గులాబీ రేకులతో జామ్ చేసేను, ఇంట్లో అందరికీ కడుపులు చెడ్డాయి. అలాంటి నాకు ఒకరోజు ఒక వీడియో కనపడింది. ఎవడో కుర్రాడు తన పిల్ల కోసం సముద్రం ఒడ్డున కారుతో ఇంత పెద్ద లవ్ సింబల్ గీసేడు. పైనుంచి డ్రోన్‌తో తీసేరు. వెనకాల వయొలిన్. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేసేయండి. ఆ వీడియో ఎన్నిసార్లు చూసేనో నాకే తెలీదు.

బండారులంకలో పెళ్ళి చీరలు మగ్గం మీదున్నాయి, ఎంతవరకూ వచ్చాయో చూసి రమ్మని అమ్మ పంపింది. చూసేను కూడా. చూసి, అక్కణ్ణించి సముద్రం ఒడ్డుకి, ఓడలరేవు దారి పట్టేను. నాన్నగారి మాట గుర్తులేక కాదు. ఆయన చెప్పింది ఉప్పుగాలి గురించి కదా, అద్దాలన్నీ ఎత్తేసుకుందాం అనుకున్నాను. నా తెలివి అప్పుడు అలా పని చేసింది.

డ్రోన్ ఎక్కడిది? ఫోన్‌ని ఒక సరుగుడు చెట్టు కొమ్మకి రబ్బరు బ్యాండ్లతో కట్టేను. తడి ఇసక గచ్చులా గట్టిగా ఉంది. సింబల్‌కి ఎడమ పక్క వంపు అద్భుతంగా వచ్చింది. కింద మొనలా తిప్పాల్సిన చోట, సరిగ్గా అక్కడ, ఒక కెరటం వచ్చి బండి కిందకి దూరింది. చక్రాలు దిగబడ్డాయి. నేను యాక్సిలరేటర్ తొక్కుతున్నాను, చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి, ఇసక బురద బండి కిందా మీదా ఎగిరి కొడుతోంది. ఇంకో కెరటం. ఇంకోటి. చివరికి వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు తాడు పట్టుకుని వచ్చేరు. వల లాగినట్టే అందరూ ఒక్క ఊపుతో లాగేరు. వాళ్ళలో పెద్దాయన ఒకాయన తాడు చుట్టుకుంటూ, "ఏం చేప కోసం దిగేరండి బాబూ?" అని అడిగేడు. లవ్ సింబల్ కోసం అని ఆయనకి ఏ నోటితో చెప్పను?

ఇంటికి వెళ్ళే ముందు తోటలో ఆపి, బానెట్ ఎత్తి, మోటారు పైపు పెట్టి ఇంజన్ అంతా కడిగేసేను. జాగ్రత్త అంటే నాకు అంత జాగ్రత్త. బండి మళ్ళీ జున్నుముక్కలా మెరిసింది.

వీడియో మౌనికకి పంపేను. అరగంట ఎదురుచూసేక జవాబొచ్చింది. "చాలా బాగుందండీ. తమలపాకు ఎందుకు గీసేరు?"

ఆ పూట నేను అన్నం తినలేదు.

తర్వాతి వారం నాన్నగారిని ఎక్కించుకుని రావులపాలెం వెళ్తుంటే మొదలైంది. కీచ్... కీచ్... లోపల ఎవరో గచ్చు మీద ఇనప కుర్చీ ఈడుస్తున్నట్టు. నాన్నగారు నా వైపు చూసేరు. కొత్త బండి కదండీ, అలాగే ఉంటుంది అన్నాను. మోపెడ్ కొత్తలో అరవలేదే అన్నారాయన. జీవితంలో మొదటిసారి కారు కొన్న మనిషి, ఆ కారు కూస్తుంటే కిటికీలోంచి చేల వైపు చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కోపం తెప్పిస్తుంది కదా? నాకు కంపెనీ మీద పట్టలేనంత కోపం వచ్చింది. సముద్రం సంగతి నాకు అప్పటికి పూర్తిగా మరుపు. ఒకవేళ గుర్తొచ్చినా, నేను దానికి సమాధానం రెడీగా పెట్టుకున్నాను. జాలర్ల పడవ ఇంజన్లు పొద్దస్తమానం ఉప్పునీళ్ళలోనే ఉంటాయి. వాటికి రాని రోగం, పావుగంట ఒడ్డున నిలబడ్డ కారుకి వస్తుందా? వస్తే అది బండి తప్పా, నా తప్పా?

అమలాపురం వెళ్ళేను. సర్వీస్ సెంటర్లో టై కట్టుకుని ప్రసాద్ అని ఒక కుర్రాడున్నాడు, రిపేరుకొచ్చిన బండ్లు రాసుకునేది అతనే. నా పక్కన కూర్చుని గంటసేపు ఊరంతా తిప్పించేడు. ఆ గంటా కారు నోరు విప్పలేదు. పెళ్ళిచూపుల్లో పిల్లలా తలొంచుకుని నడిచింది. కొత్త బండి కదండీ, సెట్ అవుతుంది అన్నాడు. నేను నాన్నగారికి చెప్పిన మాటే నాకు చెప్పేడు. సెంటర్ గేటు దాటి బయటికి వచ్చేనో లేదో, కీచ్.

రెండోసారి వెళ్తే ఏసీ ఫుల్‌గా పెట్టి, పాటలు గట్టిగా పెట్టి, ఏదండీ సౌండు అని అడిగేడు. అయ్యా, పాటలు ఆపండి అన్నాను. ఆపితే వినపడింది. ఇది టైర్ల శబ్దమండీ, మీ ఊళ్ళో రోడ్లు బాగోవు కదా అన్నాడు. ఇంజన్ కీచుమంటుంటే మా ఊరి రోడ్లని అంటాడా? నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ టీ తాగుతున్న వాళ్ళందరికీ వినపడేలా, మీ కంపెనీ మోసం మా జిల్లా అంతా చెప్తాను అన్నాను. ఒకాయన లేచి, నిజమే బాబూ, నా బండీ ఇంతే అన్నాడు. నాకు ఏనుగు బలం వచ్చింది.

ఇంటికొచ్చి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేను. కడిగేద్దామనే చేసేను. అవతల ఒక అమ్మాయి. "వీరబాబు గారూ, మీకు కలిగిన బాధకి చాలా చింతిస్తున్నామండీ" అంది. ఆ గొంతు వింటే, నాకు బాధ కలిగించినందుకు నేనే ఆవిడకి సారీ చెప్పేలా ఉన్నాను. పర్లేదులెండి, పెద్ద సౌండేం కాదు అనేసేను. చివర్లో ఎన్ని మార్కులిస్తారంటే అయిదు నొక్కేసేను. పెట్టేసేక తల బాదుకున్నాను.

ఆ అయిదు మార్కుల సంగతి తెలిసి నాన్నగారే బయల్దేరేరు, పద, నేనొస్తాను అని. పూజ గదిలోంచి వారంటీ పుస్తకం తీసేరు. కారుకి పూజ చేయించిన రోజున ఆ పుస్తకానికి కూడా నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ పెట్టేరు. సర్వీస్ సెంటర్లో ప్రసాద్ పాపం గోటితో కుంకుమ గీకి, దాని కింద తేదీ చూసుకున్నాడు. ఈసారి బండిని పైకెత్తి, అడుగున కవరు విప్పుతామన్నారు. అక్కడ కూర్చున్నప్పుడే ఆ పిలుపొచ్చింది.

నాన్నగారి వెనకాలే ఎలాగో లేచి నేనూ వెళ్ళేను. లోపల బల్ల మీద ఒక స్టీలు ట్రే. అందులో దోసెడు ఇసక, రెండు గవ్వలు, ఎండిపోయిన ఒక పీత. చిన్నదే. కాళ్ళు ముడుచుకుని, నన్ను గుర్తుపట్టినట్టు పడుకుని ఉంది.

ట్రే పక్కన వర్క్‌షాప్ మేనేజర్ నిలబడి ఉన్నారు, గ్రేస్ మేడం అని. కళ్ళద్దాలు, నెమ్మది మాట. బెల్టు తిరిగే చక్రాల బేరింగుల్లోకి సముద్రపు ఇసక వెళ్ళిందండీ, ఉప్పుకి తుప్పు కూడా పట్టింది, బండిని సముద్రంలోకి దింపితే వారంటీ వర్తించదండీ అని మా నాన్నగారికి విడమరిచి చెప్పేరు.

నాన్నగారు కోపమొస్తే ఇంకా మర్యాదగా మాట్లాడతారు. "ఇసకకి ఊరూ పేరూ రాసుంటుందాండీ? మాది గోదారి పక్క ఊరు. రోడ్డు నిండా ఇసక లారీలే."

"మరి పీత అండీ?"

"మా చేలో గట్టుకొకటి ఉంటుందండీ. ఎప్పుడో ఎక్కి ఉంటుంది."

గ్రేస్ మేడం పెన్సిల్‌తో ఆ పీతని అటు తిప్పేరు. "మా పుట్టిల్లు ఓడలరేవండీ. నేను చిన్నప్పుడు వీటి వెనకాల పరిగెట్టినదాన్నే. ఇది చేలో పీత కాదండీ. ఒడ్డున ఇసకలో బొరియలు చేసుకునే పీత. మంచినీళ్ళ వైపు రాదు."

నేను ట్రేలోకే చూస్తున్నాను. మిగిలిన చోట్లన్నీ వదిలేసి ఓడలరేవు పీత నా బండే ఎందుకెక్కాలండీ? మిగిలిన ఊళ్ళన్నీ వదిలేసి మేనేజరమ్మ ఓడలరేవులోనే ఎందుకు పుట్టాలి?

నాన్నగారి మొహం ఎర్రబడింది. మా ఊళ్ళో పొలం గట్టు తగాదా వస్తే ఆయన మాట అడుగుతారు. ఆయన అన్నారంటే అంతే. అలాంటి మనిషిని అబద్ధమాడుతున్నారని ఎవరూ అనలేదుగానీ, అన్నట్టే అయింది. "నా కొడుక్కి నేను సముద్రం ఒడ్డుకి వద్దని చెప్పేనండీ. వాడు వెళ్ళడు" అన్నారు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసేరు. తర్వాత కాగితం ముందుకు లాక్కున్నారు. "సరేనండీ. మీ వయసు మనిషి మాట మీద నేను రాస్తాను. ఇసక ఎలా వచ్చిందో తెలియదని రాసి, వారంటీలోనే వేయిస్తాను. పైవాళ్ళు అడిగితే సంతకం నాది కాబట్టి నేనే జవాబు చెప్పుకోవాలి. బండి సముద్రానికి వెళ్ళలేదని ఒక్కసారి గట్టిగా చెప్పండి, చాలు."

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. గెలిచేశాం అనుకున్నాను. నోరు మూసుకుంటే చాలు, కొత్త బేరింగులు, కొత్త బెల్టు, శబ్దం పోతుంది, ఎవరికీ ఏమీ తెలీదు.

"గట్టిగా ఏమిటండీ, ఒట్టేసే చెప్తాను" అన్నారు నాన్నగారు. అని, అరచెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టేరు.

అది నేను ఊహించలేదు. మా ఇళ్ళల్లో అది ఆఖరి మాట. కన్నబిడ్డ నెత్తి మీద చెయ్యేసేక ఇంక సాక్షులు అక్కర్లేదు. మా అమ్మమ్మ చెప్పేది, మా పెదనాన్న ఒకసారి చేపల చెరువు తగాదాలో ఇలాగే దొంగ ఒట్టు వేస్తే, నెల తిరక్కుండా ఆయన కొడుక్కి బట్టతల మొదలైందని. ఆ అన్నయ్యని నేను చూసేను. తల నున్నగా, పలకలా ఉంటుంది. నా పెళ్ళికి ఇంకా ఆరు వారాలే ఉంది.

కానీ బట్టతల ఒక్కటే అయితే ఎలాగో తట్టుకునేవాణ్ణేమో. ఆ చెయ్యి అండీ. కొబ్బరి డొక్కలు వలిచి వలిచి మొద్దుబారిన చెయ్యి. నా ఇంటర్ రిజల్టు వచ్చిన రోజు తర్వాత అది నా తల మీదకి రావడం మళ్ళీ అప్పుడే. వెచ్చగా ఉంది. ఎదురుగా ఆవిడ పెన్ను మూత తీసేరు.

"ఇదిగోనండీ, నా కొడుకు నెత్తి మీద ఒట్టు. ఈ కారు సముద్రం మొహం..."

"చెయ్యి తీసెయ్యండి నాన్నగారూ" అన్నాను. "మేడం గారూ, మీరు సంతకం పెట్టకండి. కారు సముద్రంలోకి వెళ్ళింది. నేనే దింపేను, మౌనిక కోసం లవ్ సింబల్ గీద్దామని. అదీ ఒకసారి కాదండీ, రెండుసార్లు. మొదటిసారి తమలపాకులా వచ్చిందండి."