గుడ్లకు సీమంతం చేసిన మా అత్తయ్య

మా మేనత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆటోనగర్‌లో నా షాపులో ఉన్నాను. మామయ్య ఏడుస్తూనే చెప్పాడు. “మీ అత్త వెళ్ళిపోయిందిరా. ఇవాళే గుడ్లకి సూదులు వెయ్యాలి. ఏం చెయ్యాలో తోచట్లేదు.” ఏడుస్తూనే నవ్వాను. పోతూ పోతూ కూడా పని పెట్టే పోయింది మహాతల్లి!

మైలవరం దగ్గర వాళ్ళకు కోడిగుడ్లు పొదిగించే హేచరీ ఉంది. పిల్లలు బయటికి రావడానికి మూడు రోజుల ముందు, ప్రతి గుడ్డుకూ సన్నటి చిల్లు పెట్టి విటమిన్ మందు ఎక్కిస్తారు. ఆ రోజు దాటితే కుదరదు. పిల్లలు నీరసంగా పుడితే, కొనుక్కెళ్ళే రైతులు మళ్ళీ ఇటువైపు చూడరు.

మొదట్లో కోళ్ళ డాక్టరుగారు ఈ పద్ధతి చెబితే, అక్కడ పనిచేసే ఆడవాళ్ళు సూది ముట్టుకోలేదు. “లోపల ప్రాణం ఉందండీ, పొడిస్తే పాపం చుట్టుకోదా?” అన్నారు.

“ఏమర్రా, కడుపుతో ఉన్నప్పుడు మీరు సూదులు వేయించుకోలేదూ?” అంది అత్తయ్య. మర్నాడు గుడ్ల ట్రేలకు సీమంతం చేసింది! అందరికీ గాజులు తొడిగి, చలిమిడి పంచి, ఆ ఊపులో గుడ్లకు తడి కుంకుమతో బొట్లు కూడా పెట్టేసింది.

డాక్టరుగారు తల పట్టుకున్నారు. “గుడ్డుకి తడి తగలకూడదమ్మా!”

“బొట్టు లేకుండా సీమంతం ఏమిటండీ?”

బొట్టు పెట్టిన గుడ్లలో చాలా వరకు పాడైపోయాయి. వారం రోజులు దిగులుపడింది. ఆ తర్వాత బొట్టును గుడ్లు పొదిగే మిషనుకు మార్చింది గానీ, గాజులు మాత్రం మానలేదు.

షాపు పెట్టిన కొత్తలో బేరాల్లేక నేను డీలా పడితే, “నీకూ ఒక సూది వెయ్యమంటావా?” అని నవ్వించింది. ఆ నవ్వుతోనే నిలదొక్కుకున్నాను. ఆవిడంటే నాకు ప్రాణం.

అత్తయ్య పోయిన రోజు నేను వెళ్ళేసరికి అందరూ మైల సంగతే మాట్లాడుకుంటున్నారు. పనివాళ్ళలో పెద్దావిడ లేచింది. “మైల మనకి గానీ గుడ్లకేంటండీ? ఇవాళ మానేస్తే అమ్మగారు ఊరుకుంటారా?” వీధి చివరిదాకా అత్తయ్యను సాగనంపి, స్నానాలు చేసి, తడి జుట్టుతోనే అందరూ సూదులు పట్టుకున్నారు.

చిన్నదినం నాడు పిల్లలు బయటికొచ్చాయి. పెట్టెలు ఎక్కించిన వ్యాను ఇంటిముందు వేసిన షామియానా పక్కనుంచే వెళ్ళాలి. మామయ్య దాన్ని ఆపించి, ఒక పెట్టె మూత ఎత్తాడు. అన్నీ నిలబడి ఉన్నాయి. ఆ కిచకిచల్లో పరామర్శకు వచ్చినవాళ్ళ మాటలు ఒక్కటీ వినపడలేదు.