అవుట్ ఆఫ్ ది స్టేషన్

జమ్మలమడుగు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. తప్పుడు ఇంగ్లీషు వింటే చెవిలో జోరీగ దూరినట్టుండేది నాకు. పార్టీ మీటింగులో నాయకుడు ‘యూనిటీ ఈజ్ డైవర్సిటీ’ అని గొంతు చించుకుంటే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. పెళ్ళికి పోతే పెళ్ళికొడుక్కి ‘హ్యాపీ రిటర్న్స్ ఆఫ్ ది డే’ చెప్పేవాళ్ళు. నేను ఊరుకోకుండా దిద్దేవాణ్ణి. దాంతో నన్ను చూస్తే పలకరించేవాళ్ళే కరువయ్యారు. ఒంటిగాణ్ణి, సాయంత్రాలు గడిచేవి కావు.

నాకున్న దిక్కల్లా నేను అద్దెకున్న మిద్దె కింద ఉండే ఇంటామె. పల్లెలో ఫ్యాక్షన్ గొడవలు పడలేక మొగుడితో టౌనుకొచ్చేసింది. అక్కా అని పిలిచేవాణ్ణి. పొద్దుగూకితే రాగి సంగటీ, ఊరిబిండి పచ్చడీ నా మెట్టు మీద పెట్టి కేకేసేది.

ఆమె మొగుడి కోసం ఎవరొచ్చినా, చుట్టాలే వచ్చినా, తలుపు సందులోంచి ఒకటే జవాబు: “అవుట్ ఆఫ్ ది స్టేషన్.” ఆయన లోపల అన్నం తింటున్నా అంతే. మగవాడు ఎక్కడున్నాడో బయటికి చెప్పకపోవడం ఫ్యాక్షన్ భయమున్న ఇళ్ళ ఆనవాయితీ.

“అక్కా, మధ్యలో ‘ది’ అక్కర్లేదు,” అన్నాను ఒకసారి.

“ఉంటే ఏం పోతాది సార్? అడిగినోడు ఎనక్కి తిరిగి పోతే సాలు,” అంది.

ఆమెను మాత్రం మళ్ళీ దిద్దలేదు. ఆయన లోపలున్న సంగతి నాకు తెలుసు గనక, నేనూ ఆ ఇంటివాణ్ణే అనుకున్నాను.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. పరీక్షల డ్యూటీకి పులివెందుల పోయి వచ్చేసరికి కింద తాళం వేలాడుతోంది. ఎదురుగా మిషను కుట్టే భాయ్‌ని అడిగాను, అక్కావాళ్ళు ఎక్కడికి పోయారని.

ఆయన తలెత్తలేదు. “అవుట్ ఆఫ్ ది స్టేషన్ సార్.”

“నాక్కూడానా భాయ్?”

“సారుకు గూడా సెప్పొద్దని అక్కే సెప్పి పోయింది. మీకు తెలిసిందంటే ఆయన కోసం ఎతుక్కుంటా వచ్చినోళ్ళు రేపు మిమ్మల్నే పట్టుకుంటారు. ఎందుకా పీడ?”

మెట్టు మీద మూత పెట్టిన గిన్నె ఉంది. సంగటి రాయిలా గట్టిపడింది. కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. అంతా తిన్నాను. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు రిటైరై ప్రొద్దుటూరులో ఒక్కణ్ణే ఉంటున్నాను. మొన్న బ్రహ్మంగారిమఠం బయలుదేరి, తాళం లాగి చూసుకుని, అటూ ఇటూ చూశాను. నేను ఊళ్ళో లేనని చెప్పేవాళ్ళు లేరు. అడగడానికి వచ్చేవాళ్ళూ లేరు. మూసిన తలుపుకేసి తిరిగి నేనే మెల్లగా చెప్పాను, అవుట్ ఆఫ్ ది స్టేషన్ అని. ‘ది’ తియ్యలేదు.