స్టైలెట్ గీసిన గొంతుతో మళ్లీ రేవులోకి

మీరు చదవబోయేది ఒక మహా వీరగాథ. మృత్యువు గుమ్మం తొక్కిన యువకుడు, కన్నీటి ధారలు, చివరికి విజయం. నిజానికి అంత లేదు. అపెండిక్స్ తీయించుకోవడానికి వెళ్లి గొంతు పాడుచేసుకొచ్చినవాడి సంగతి.

ఎనభైల మొదట్లో విశాఖ రేవులో సిగ్నల్‌మన్‌గా చేరాను. ఓడ డెక్ మీద నిలబడి వించ్ డ్రైవరుకి సరుకు ఎత్తమనడానికి "హాబేస్!", దించమనడానికి "ఆరియా!" అని అరవాలి. చేతిసైగలూ ఉంటాయిగానీ మా గ్యాంగు నమ్మేది కేకనే. గొంతు పోతే పని పోయినట్టే. నాలో మరో అర్హత ఎవరూ కనిపెట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే పొత్తికడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. మధ్యాహ్నానికి వంగి నడుస్తున్నాను. ఆసుపత్రిలో అపెండిసైటిస్ అని చెప్పి ఆ రోజే ఆపరేషన్ చేశారు. అది బ్రహ్మాండంగా జరిగింది. మెలకువ వచ్చాక చూస్తే మెడ ఉబ్బింది. దగ్గితే నెత్తురు చార. మత్తు డాక్టరుగారు మెడ నొక్కితే మరమరాల పొట్లంలా కరకరలాడింది.

"డిఫికల్ట్ ఇంట్యుబేషన్ అయింది" అన్నారాయన, ఏమీ దాచకుండా. "గొంతులోకి దింపే ట్యూబు వంగిపోకుండా లోపల స్టైలెట్ అనే తీగ పెడతాం. దాని కొన ట్యూబు దాటొచ్చి ట్రేకియాను, అంటే ఊపిరి గొట్టాన్ని, గీసింది. చిన్న చిరుగు. గాలి చర్మం కిందికి లీకవుతోంది."

"ఏటి బాబూ, సైకిల్ ట్యూబు పంచరైనట్టా?" అంది అమ్మ.

"అలాంటిదే."

"మరి అతుకెయ్యరా?"

ఆయన నవ్వారు. నాకు నవ్వడం నిషేధం.

బ్రాంకోస్కోపీ అని గొట్టం దింపి లోపల చూసి, కుట్లు అక్కర్లేదు, యాంటీబయాటిక్స్ చాలన్నారు. మాట, దగ్గు, ముక్కడం బంద్. గొంతు మునుపటిలా వస్తుందా అని కాగితం మీద రాసి అడిగాను. "చాలావరకు" అన్నారు. 'ఆరియా'ను చాలావరకు అరిస్తే బస్తాలు ఎవరి నెత్తిన దిగుతాయో ఆయనకు తెలీదు.

నాలుగో రోజుకి వాపు తగ్గింది. మల్కాపురం నుంచి మా వించ్ డ్రైవర్ అప్పన్న వచ్చాడు.

"ఏటి బావా, నీ గొంతు పోనాదని గ్యాంగులో అంతన్నారు. నీ జాగాలో ఇంకోడిని ఎడతారట. ఒక్కపాలి ఆరియా అను, నాను ఎల్లి సెప్తాను."

అన్నాను. వార్డంతా వింది. మరుక్షణం మెడ గడ్డం దాకా ఉబ్బి ఊపిరి బరువెక్కింది. సిస్టర్ ఆక్సిజన్ కోసం పరిగెత్తింది.

"బుద్దుందేట్రా నీకు? పంచరైన ట్యూబుకి గాలి కొట్టి సూత్తావేట్రా?" అని అమ్మ అప్పన్నను గేటుదాకా తరిమింది.

"ఇంకోసారి ఇలా చేస్తే ఊపిరి కోసం మెడకు ట్రేకియాస్టమీ రంధ్రం పెట్టాల్సొస్తుంది" అన్నారు డాక్టరుగారు. పదహారు రోజులు నోరు మూశాను. మా ఇల్లు అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

రెండు నెలలకు ఈఎన్‌టీ డాక్టరుగారు అద్దం పెట్టి చూసి, "హీల్డ్, మానిపోయింది. ఇక అరుచుకో" అన్నారు. మర్నాడే డెక్ ఎక్కాను. కేక వేసేముందు, కరకరలాడుతుందేమోనని మెడ ఒకసారి నొక్కి చూసుకున్నాను. ఈ ముక్క అప్పన్నకు చెప్పకండి.

"ఆరియా!"

బస్తాల వల సరిగ్గా లారీ మీద దిగింది.

"వచ్చీసినాది బావా! పాతదానికన్నా పెద్దదే వచ్చీసినాది!" అని అప్పన్న వించ్ దగ్గర్నుంచే గంతులేశాడు. గ్యాంగంతా ఈలలు. ఆ పూట అవసరం లేనిచోట కూడా అరిచాను. ఖాళీ వలని కూడా నాలుగుసార్లు దించారు పాపం.

ఐదేళ్లయింది. వానాకాలం కాస్త బొంగురు, అంతే. ఒక్క సలహా: మీకూ ఇలా జరిగి ఉంటే, మళ్లీ ఏ ఆపరేషన్‌కి వెళ్లినా మత్తు డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పండి. నేను డిశ్చార్జి కాగితం మీద రాయించుకున్నాను. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోతుంది. అట్ట ఫైలులో పెట్టుకోండి.