రోగి వేషంలో ఒక పొద్దున

లోకో పైలట్‌గా రిటైరయ్యాక నిమ్‌పురా రైలు యార్డు వైపు వెళ్ళడం తప్ప నాకు పనేమీ ఉండేది కాదు. మొన్న వానాకాలంలో, ఈ బెంగాలీ ఊళ్ళో నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పే మా అమ్మాయి, తన విద్యార్థినుల శిక్షణ కోసం నన్ను రోగిగా నటించమంది. ఎగిరి గంతేసినంత పని చేశాను.

"నాన్నా, నువ్వు సుగర్ రోగివి. పొద్దున్నే ఇన్సులిన్ ఏసుకున్నావు, టిఫిన్ తిన్లేదు. అది ఎవరైనా అడిగితేనే సెప్పాల. మిగతాదంతా తికమకగా మాటాడు."

"అడక్కపోతే?"

"వాళ్ళెలా ఆలోసిస్తే నీ గతి అలాగవుతాది."

చెమటలా కనిపించేలా నా ముఖం మీద నీళ్ళు చిలకరించింది. మొదటి జట్టులో ముగ్గురమ్మాయిలు వచ్చారు. "బండి ఆపండి, సిగ్నల్ లేదు" అని గొణిగాను. పొడుగమ్మాయి అది పక్షవాతమేనని తేల్చేసింది. ఇంకొకరు ఛాతీకి వైర్లు అంటించారు. చెప్పాల్సిన మాట నా నాలుక చివరే ఉంది, అడిగినవాళ్ళు లేరు. మా అమ్మాయి గడియారం చూసి, పేషెంటుకు స్పృహ పోయిందని ప్రకటించింది. కళ్ళు మూసుకున్నాను గానీ ప్రాణం ఉసూరుమంది.

రెండో జట్టులో ఒక తెలుగమ్మాయి ఉంది. ముందు నా నుదుటి మీద చెయ్యి వేసింది. తోటివాళ్ళను సుగర్ చూడమని చెప్పి, నా మీదికి వంగింది.

"తాతా, పొద్దున్న ఏటి తిన్నారు?"

అడిగిందే చాలని తల పైకెత్తాను.

"ఏటీ తిన్లేదమ్మా. సూది మాత్రం ఏసుకున్నాను."

సుగర్ బాగా పడిపోయిందని మా అమ్మాయి చెప్పింది. నేను మింగగలనో లేదో ఆ పిల్ల చూసుకుని, గ్లూకోజ్ నీళ్ళు పట్టించింది. తరవాత మళ్ళీ సుగర్ చూసింది. పేషెంటు తేరుకున్నాడనగానే లేచి కూర్చుని చప్పట్లు కొట్టేశాను.

ఆ తరవాత అందరం గుండ్రంగా కూర్చున్నాం. పక్షవాతమని అనుకున్నాక ఇంకేదీ తన కంటికి ఆనలేదని పొడుగమ్మాయి బెంగాలీలో ఒప్పుకుంది. ఇంకో అవకాశం ఇమ్మని తనే అడిగింది. మా అమ్మాయి జబ్బు మార్చి నా చెవిలో చెప్పింది.

ఈసారి పొడుగమ్మాయి స్టూలు లాక్కుని కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, "దాదూ, పొద్దుటి నుంచి ఏం జరిగిందో చెప్పండి" అని సొంత తాతను పిలిచినట్టు బెంగాలీలో అడిగింది. ఆ సంబరంలో నేను మొదటి నుంచి చివరిదాకా గడగడా అప్పజెప్పడం మొదలుపెట్టాను.

"నాన్నా, ఈ జబ్బులో నీకు ఊపిరాడతాలేదు," అంది మా అమ్మాయి. "మెల్లగా సెప్పు."