తాతయ్య పీల్చిన పెటూనియాలు

ఆ రోజుల్లో ఉద్యోగం కొత్తలో భయభక్తులుండాలనేవారు. భక్తి సంగతేమో గానీ, ఎనభైల్లో తెనాలిలో ఒక ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచరుగా చేరిన నాకు నిలువెల్లా భయమే. అదీ టెంపరరీ పోస్టు. ఉంచాలన్నా ఊడబెరకాలన్నా పెద్దమేడం మాటే. (ఆవిడ వరండాలో నడిచొస్తుంటే గోడ మీది కాకులు కూడా లేచిపోయేవి.) ఆవిడ ఓ రోజు పిలిచి నా చేతిలో చిన్న పొట్లం పెట్టారు. "పెటూనియా విత్తనాలమ్మాయ్, బాపట్ల నుంచి తెప్పించాను. వార్షికోత్సవానికి స్టేజీ ముందు రంగురంగులుగా పూయాలి. నువ్వు బోటనీ చదివావుగా, ఇంటిదగ్గర నారు పోసి తీసుకురా. మళ్లీ దొరకవు, జాగ్రత్త!" అన్నారు. ఆ జాగ్రత్త నా ఉద్యోగానికేనని అర్థమైంది.

పెటూనియా విత్తనం అచ్చం నశ్యంలా ఉంటుంది, గోధుమరంగు పొడి. నారు మహా సుకుమారం. వాన పడితే కుళ్లుతుంది, ఎండ తగిలితే మాడుతుంది. అందుకని తెనాలి పక్కనే అంగలకుదురులో మా పెరట్లో చిన్న తాటాకు పందిరి వేయించి, కింద మట్టి మూకుళ్లలో తడి ఇసుక పరిచాను. పొట్లం విప్పి పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తాతయ్య మూకుళ్ల మీదకు వంగి పెరడు అదిరేలా తుమ్ముతున్నారు. ఆయన చేతిలో పొట్లం కాగితం ఖాళీగా ఉంది.

"ఏంటే ఈ నశ్యం? ఘాటు లేదు గానీ తుమ్ములు మాత్రం బ్రహ్మాండం!" అన్నారు.

విత్తనాలని చెప్పగానే ఆయన ముఖం పాలిపోయింది. మామ్మ గుండెలు బాదుకుంది. "ఓరి దేవుడా, లోపల మొలిస్తేనో?" అంది. అప్పట్నుంచి తాతయ్య మంచినీళ్లకు కూడా జంకారు. "తడి తగిలితే మొలకొస్తుందేమోనే. కాఫీ అయితే పర్లేదంటావా?" అని నన్నే అడిగారు. అలా మొలవవని నాకు తెలుసు, డిగ్రీలో చదివాను. అయినా మర్నాడు పొద్దున బ్యాటరీ లైటు వేసి ఆయన ముక్కులోకి చూశాను. (ఏమీ లేదు. సాయంత్రం మళ్లీ చూశాను.)

ఆ వారంలోనే మేడం పిలిచి నారు సంగతి అడిగారు.

"మా తాతయ్య పీల్చేశారండి."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. రేపట్నుంచి ఉద్యోగం లేదని ఇంట్లో ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తున్నాను.

"తుమ్మారా?"

"తుమ్మారండి."

"ఎక్కడ?"

"మూకుళ్ల మీదేనండి."

"మరింకేం, చల్లడం అయిపోయిందిగా! అంత పల్చగా మన చేతులతో చల్లలేం. వెళ్లి నీళ్లు చిలకరించు."

నిజంగానే మొలిచాయి. మూకుళ్లలోనూ, తులసికోట పక్కనా, నూతి గట్టు పగుళ్లలోనూ. వార్షికోత్సవం నాడు తాతయ్య ముందు వరుసలో కూర్చుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ అవి తన పంటేనని చెప్పుకున్నారు.

ఇప్పుడు నన్ను పిలిచి అడిగే మేడాలెవరూ లేరు. ఏటా డాబా మీద పెటూనియా నారు పోస్తాను. పొట్లం విప్పుతుంటే మాత్రం చేతులు వణుకుతాయి. వయసమ్మా అంటారు మా పిల్లలు. అవునర్రా అంటాను. నాలో ఇంకా కుర్రతనంగా మిగిలింది ఆ వణుకొక్కటేనని వాళ్లకెలా చెప్పను?