అందరూ విన్న ప్రార్థన

బుధవారం సాయంత్రం మహిళల కూటంలో, ఆ కూటం పెద్ద పి థన్‌ఖూమి ప్రార్థనకు లేచి నిలబడితే చాలు, ఆడవాళ్ళు శాలువా అంచు చేతిలోకి తీసుకునేవాళ్ళు. కళ్ళొత్తుకోవడం ఎలాగూ తప్పదని వాళ్ళకు తెలుసు. పెద్దవాళ్ళను గౌరవంగా పిలవాలంటే ఆడవాళ్ళకు పి అని, మగవాళ్ళకు పు అని పేరు ముందు చేర్చడం అక్కడి అలవాటు. చంఫాయి దారిలో ఉన్న ఆ కొండ ఊళ్ళో జబ్బు చేసినవాళ్ళు డాక్టరు కంటే ముందు ఆవిడకే కబురు పెట్టేవారు. వక్కాకు నములుతూ, దారి పొడవునా అందరినీ పలకరిస్తూ, పెద్దగా నవ్వుతూ వచ్చేది. మంచం పక్కన మోకరిల్లితే మాత్రం మనిషి మారిపోయేది. మాట వెనక మాట అలా దొర్లుకుంటూ వచ్చేది. భర్త పు వన్‌లాలా చర్చి సంఘ పెద్ద అయినా నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. "ఇంటికి కావలసిన ప్రార్థన అంతా మా ఆవిడే చేసేస్తుంది" అని నవ్వేవాడు.

ఆ ఊళ్ళో ప్రతి ఇల్లాలూ వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. శనివారాలు ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం సంఘానికి పోగుచేసే పని తమ వీధికి థన్‌ఖూమిదే. చలి మొదలైన రోజుల్లో అలాగే నూన్‌సాంగి ఇంటికి వెళ్ళింది. సాంగికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. రోడ్డు పక్కన అల్లం, ఆవకూర, పొగబెట్టిన చేపలు పెట్టుకుని అమ్ముతుంది. మొగుడు రెమా ఐజాల్‌లో మేనమామ కొట్లో పనికి కుదిరాడని ఊరికి తెలిసిన సంగతి.

సాంగి డబ్బా మూత తీసింది. అడుగున నాలుగు గింజలు తప్ప ఏమీ లేవు.

"మర్చిపోయాను, పీ," అంది. అని పొయ్యి దగ్గరే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

థన్‌ఖూమి సంచి పక్కన పెట్టి ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. అప్పుడు బయటపడింది అసలు విషయం. రెమా ఏ కొట్లోనూ లేడు. మత్తు సూదులకు అలవాటుపడితే, మాన్పించే శిబిరంలో చేర్చి వచ్చింది. అత్తగారికి కూడా చెప్పలేదు.

"వచ్చేదాకా ఎవరికీ తెలియనివ్వనని మాటిచ్చాను. అందుకే వెళ్ళాడు. లేకపోతే వెళ్ళేవాడు కాదు. మీరు ఒక్కరే ప్రార్థన చెయ్యండి, పీ."

"నా గొంతులోంచి బయటికి రాదు తల్లీ," అంది థన్‌ఖూమి. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మనసులో ఏ కల్మషమూ లేదు.

బుధవారం వచ్చింది. ఆ రోజు కూటంలో ముందుగా పి రోకిమి ప్రార్థించింది. రోకిమి ఈ మధ్యే ఊళ్ళోకి వచ్చిన టీచరమ్మ తల్లి. సన్నటి గొంతు. చనిపోయిన కొడుకును తలుచుకుని ఆవిడ ప్రార్థిస్తుంటే గది గదంతా కన్నీరైంది. ముగిశాక కూడా చాలాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత థన్‌ఖూమి లేచింది. ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పింది. పంటల కోసం, రోగుల కోసం, పాస్టరు గారి కోసం. కళ్ళు మూసుకునే ఉన్నా, ఎవరో ఆవులించడం వినిపించింది. వెనక ఎవరో కుర్చీ జరుపుకున్నారు.

అప్పుడు ఆవిడ నోట ఆ మాట వచ్చింది. "ప్రభువా, మా మధ్యనే ఒక చెల్లెలుంది. లోకానికి నవ్వు ముఖం చూపిస్తూ పొయ్యి ముందు ఏడుస్తోంది..."

గది ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పేరు చెప్పలేదు కదా అనుకుంది. ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. దూరాన ఐజాల్‌లో ఉన్న భర్త అంది, సూది అంది, శిబిరం అంది. వెక్కిళ్ళు వినిపించాయి. ఎవరో "ప్రభువా, ప్రభువా" అన్నారు. థన్‌ఖూమి గుండెల్లో వెచ్చగా ఏదో పొంగింది. అది పరిశుద్ధాత్మే అనుకుంది. ఇంటికి పోయేటప్పుడు రోకిమి చెయ్యి పట్టుకుని "ఎంత బాగా చేశారు" అంటే, అంతా దేవుడి దయ అని సంతోషంగా తల వంచుకుంది.

శనివారం మళ్ళీ సంచి పట్టుకుని సాంగి గడప దగ్గరికి వెళ్ళింది. సాంగి లోపలికి రమ్మనలేదు. తనే లోపలికి పోయి తెచ్చింది. దేవుడి డబ్బా కాదు, ఇంట్లో వండుకునే బియ్యం డబ్బా. మొత్తం సంచిలో కుమ్మరించింది.

"సరిపోయిందా, పీ? ఇంకా ఏమైనా తీసుకుపోతారా?"

"సాంగీ, ఏమిటే ఇది..."

"ఇల్లిల్లూ వచ్చి ఓదార్చి పోయారు. కోడి పులుసు తెచ్చారు. మా అత్తగారు రెండు రోజులుగా మంచం దిగలేదు. ఎవరో పుణ్యాత్ములు శిబిరానికి ఫోన్ కూడా చేశారు. ఊరంతా నీ కోసం ఏడుస్తోందయ్యా, ధైర్యంగా ఉండు అని. ఆ సాయంత్రమే గోడ దూకి పోయాడు. ఎక్కడున్నాడో తెలియదు."

థన్‌ఖూమికి తల కొట్టేసినట్టయింది. "నేను పేరు చెప్పలేదమ్మా" అనబోయింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చాక, అది ఎంత నీచమైన మాటో తెలిసి ఆగిపోయింది. సంచి అక్కడే వదిలేసి దిగువకు నడిచింది. దారిలో ఎవరో పలకరించారు. నములుతున్న వక్క ఉమ్మేసి, తల వంచుకుని పోయింది.

ఇంట్లో తలుపు వేసుకుని మోకరిల్లింది. మాటలు వచ్చాయి. ఎప్పటిలాగే అందంగా, వరసగా వచ్చాయి. గోడ అవతల ఎవరో వింటున్నట్టే ఉన్నాయి. తన గొంతు తనకే వెగటు పుట్టి మధ్యలోనే లేచింది. గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుని ప్రార్థించమని ప్రభువు చెప్పిన సంగతి ఆదివారం బడిలో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పిందో. తలుపు మూసినా ఆ వినేవాళ్ళు తనతోపాటే లోపలికి వస్తారని అప్పుడు తెలియలేదు.

భర్తకు అంతా చెప్పింది. "ముందు ఆ పిల్ల దగ్గరికి పో," అన్నాడు వన్‌లాలా.

వెళ్ళింది. సాంగి అంగడి ముందు నిలబడి, "తప్పు చేశాను. ఆదివారం సంఘం అందరి ముందూ నిలబడి ఒప్పుకుంటాను," అంది.

సాంగి ఆవకూర కట్టలు కడుతూ తలెత్తలేదు. "ఏం చెప్తారు? ఫలానా సాంగి మొగుడి సంగతి బయటపెట్టాను అనా? విననివాళ్ళు ఎవరైనా మిగిలుంటే వాళ్ళూ వింటారు. అందరూ ఏడుస్తారు. మీ గుండె తేలికవుతుంది. మాది?"

ఒప్పుకోలు కూడా తను ఇంకో ప్రార్థనలాగే చేయబోయిందని అప్పుడు థన్‌ఖూమికి అర్థమైంది. అందులో కూడా కన్నీళ్ళు ఎక్కడ వస్తాయో ముందే అనుకుని పెట్టుకుంది.

ఆదివారం ఏమీ చెప్పలేదు. కూటం పెద్దరికం వదులుకుంది, కారణం చెప్పకుండా. రోకిమికి పేరొస్తోందని అలిగిందన్నారు. వయసు మీద పడి పొగరు పెరిగిందన్నారు. విని ఊరుకుంది. అందులో కొంత నిజమే కాబట్టి మరీ బాధగా ఉండేది. బుధవారాలు వెనక వరసలో కూర్చునేది. ఒకసారి ఎవరో "మన మధ్య మాట, ప్రార్థించడానికే చెప్తున్నా, ఆ చివరింటి అమ్మాయి..." అని మొదలుపెడితే, "పేరొద్దు, ఇల్లూ వద్దు. ఆయనకు తెలుసు," అంది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ చెవులు కాలిపోయాయి. ఈవిడా చెప్పేది, అన్నట్టున్నాయి ఆ చూపులు. న్యాయమే అనుకుంది.

వానలు పట్టాక రెమా దొరికాడు. సిల్చార్‌లో ఒక లారీ షెడ్డులో. సాంగి వెళ్ళి మళ్ళీ శిబిరంలో చేర్చింది. ఈసారి దాచడానికి ఏమీ లేదు. మనిషి సగమై ఇల్లు చేరాడు.

ఒక మధ్యాహ్నం నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ మెట్ల దారిలో ఎదురయ్యాడు. థన్‌ఖూమి పక్కకు తప్పుకుని నేల చూసింది. అతను ఆగాడు.

"పీ, నా కోసం ఇంకా ప్రార్థన చేస్తున్నారా?"

"చేస్తున్నాను బాబూ."

"గట్టిగా కాదు గదా?"

"లేదు. మాటలు కూడా రావడం లేదు. నీ పేరు అనుకుని కూర్చుంటాను, అంతే."

రెమా నవ్వలేదు, కోపంగానూ లేడు. డబ్బాలు మెట్టు మీద దించాడు. "సాంగి ఇంకా మిమ్మల్ని క్షమించలేదు," అన్నాడు.

"క్షమించమని అడగను నాన్నా."

"నన్ను క్షమించమని నేనూ అడగలేదు తనని," అని డబ్బాలు ఎత్తుకుని మెట్లు ఎక్కాడు. థన్‌ఖూమి కొట్టుకని బయలుదేరి వచ్చింది. ఏం కొనాలో ఇప్పుడు గుర్తు రాలేదు. శాలువా తల మీదికి లాక్కుని, ఆ ఇద్దరి పేర్లూ మనసులో అనుకుంటూ ఇంటి వైపు తిరిగింది.